పాత జీపు చాసిస్‌కు తుక్కులో దొరికిన క్రాస్‌మెంబర్లు: ఏడేళ్ల వాడకం తర్వాత

మా జీపు రేడియేటరు కింది ట్యాంకుకు ఒకే మూలలో మూడోసారి టంకం వేయించిన రోజున, ఆ పనిచేసిన పెద్దాయన డబ్బు జేబులో పెట్టుకుంటూ, "రేడియేటరు మంచిదే బాబూ, దాన్ని పట్టుకున్నదే సరిగా లేదు" అన్నారు. అప్పటికి నేను ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. బానెట్ కొక్కెం ఒకవైపు పడితే రెండోవైపు పడకపోవడం, గతుకుల్లో ముందద్దం చట్రం కిర్రుమనడం, ఖాళీ రోడ్డు మీద కూడా స్టీరింగును అస్తమానం సర్దుకోవలసి రావడం, ఇవన్నీ వయసు మీద పడిన బండికి సహజమేననుకున్నాను. బండిని గోతి మీద నిలిపి, కింద దిగి, వైరు బ్రష్షుతో మట్టి గీకిన తరువాత గాని అసలు సంగతి బయటపడలేదు. చాసిస్‌లో, అంటే బండిని మోసే ఇనుప చట్రంలో, ఎడమవైపు పొడవాటి ఛానల్ కింది రెక్క నుంచి పైకి 38 మిల్లీమీటర్ల పొడవున ఒక పగులు, కుడివైపు వెనక కమాన్ కట్ట ముందు బ్రాకెట్ దగ్గర వెంట్రుకంత సన్నని మరో పగులు, రెండు ఛానళ్లనూ అడ్డంగా కలిపి గేరుబాక్సును మోసే క్రాస్‌మెంబర్ బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉండడం కనిపించాయి.

బండి 1968లో రిజిస్టరైన మహీంద్రా సీజే-3బీ. దీని చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు మాత్రమే. ఈ నమూనాను విల్లీస్ సంస్థ అమెరికాలో 1953లో తెచ్చింది. అప్పటి కొత్త హరికేన్ ఇంజను ఎత్తుగా ఉండడంతో బానెట్‌ను పైకి లేపవలసి వచ్చింది, అందుకే దీని ముఖం మిగతా జీపులకంటే పొడుగ్గా కనిపిస్తుంది. మా నాన్నగారు ఒక ప్రభుత్వ శాఖ వేలంలో దీనిని కొన్నారు. 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను తాగే తాగుడుకు తట్టుకోలేక, ఎనభైలలో అందరూ చేసినట్టే ఆయన కూడా డీజిలు ఇంజను పెట్టించి, ఆ మార్పును ఆర్సీలో రాయించారు. ఇంధనం ఖర్చు తగ్గింది. కానీ పెట్రోలు ఇంజను కోసం గీసిన చాసిస్ మీదకు అంతకంటే బరువైనది, అంతకంటే మొరటుగా కుదిపేది వచ్చి కూర్చుంది. దానికి తోడు జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటలో గెలలు మోసే చిన్న ట్రైలరును ముప్ఫయ్యేళ్లుగా దీనికే తగిలిస్తూ వచ్చాం. పగుళ్లు ఎందుకు వచ్చాయన్నది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. అన్నేళ్లు ఎందుకు రాలేదన్నదే ఆశ్చర్యం.

మొదటి మరమ్మతు ఘోరంగా విఫలమైంది. దానిని దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే నాకు తెలిసిన పాత బండ్లవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమంది ఇదే చేస్తారు. 2016లో రోడ్డు పక్కనున్న ఒక షెడ్డులో, పగులు మీద ఆరు మిల్లీమీటర్ల మందపు దీర్ఘచతురస్రపు పలకను అతికించి, చుట్టూ నాలుగు వైపులా దిట్టంగా వెల్డింగ్ చేయించాను. చూడటానికి ఏనుగును ఎక్కించినా ఓర్చుకునేలా ఉంది. ఎనిమిది నెలలు తిరగకుండానే, ఆ పలక అంచును గీతగా పట్టుకుని, వెల్డింగ్ పక్కనే కొత్త పగులు వచ్చింది. పలక ఉన్నచోట ఛానల్ ఒక్కసారిగా మందమైంది, పలక ముగిసినచోట ఒక్కసారిగా పలచనైంది. వంగవలసిన వంపంతా ఆ ఒక్క గీత మీదకు వచ్చి పడింది, అదీ వెల్డింగ్ వేడికి అప్పటికే పెళుసుబారిన గీత. నిలువు అంచున్న పలకను చాసిస్ రెక్కకు అడ్డంగా వెల్డింగ్ చేయడమంటే, ఎక్కడ విరగాలో ఇనుముకు సుద్దముక్కతో గీసి చూపించడమే.

ఆ తరువాత, 2018 జనవరిలో, విజయవాడ ఆటోనగర్‌లో లారీ చాసిస్‌ల పని మీదే బతుకంతా గడిపిన ఒక మేస్త్రీగారి దగ్గరకు వెళ్లాను. ఆయన పగులును చూడకముందే బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు బంపరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి వెనకవైపుకు చూసి, "ఇది వంగడం లేదు బాబూ, మెలి తిరుగుతోంది. పలకలు వంపును ఆపుతాయిగాని మెలిని ఆపవు" అన్నారు. నేను పాలిటెక్నిక్‌లో చదివి మరిచిపోయిన పాఠమే అది.

జీపు చాసిస్ అంటే నిచ్చెన. రెండు పొడవాటి ఛానళ్లు, వాటి మధ్య మెట్లలా కొన్ని క్రాస్‌మెంబర్లు. పైనా కిందా రెక్కలు, వాటిని కలిపే నిలువు వీపుతో సీ ఆకారంలో ఉండే ఛానల్, నిలువు బరువును బాగా మోస్తుంది గాని, మెలిపెడితే అట్టముక్కలా లొంగిపోతుంది. నా బండి ఛానల్ కొలతలు సుమారుగా 100 మిల్లీమీటర్ల ఎత్తు, 45 మిల్లీమీటర్ల రెక్క, 3 మిల్లీమీటర్ల మందం. ఈ కొలతలతో లెక్క వేస్తే, తెరిచి ఉన్న ఛానల్‌కంటే అదే కొలతలున్న మూసిన పెట్టె ఆకారం మెలికి 400 రెట్లకు పైగా ఎదురు నిలుస్తుంది. ఆ అంకె చూడగానే నాకు ఆశ పుట్టి, మొత్తం ఛానల్‌ను లోపలివైపు పలకతో మూసేద్దామన్నాను. మేస్త్రీగారు ఒప్పుకోలేదు. మూసిన పెట్టెలో చేరిన నీరు బయటికి రాదు, లోపలికి రంగు వెళ్లదు, ఎనభై అంగుళాల బండికి అంత బిగువు అక్కరలేదు, అన్నిటికీ మించి చాసిస్ అసలే లొంగకపోతే గతుకంతా కమాన్ బ్రాకెట్లు తినవలసి వస్తుందన్నారు. ఛానళ్లను అలాగే ఉంచి, వాటి మధ్య ఖాళీగా ఉన్న రెండుచోట్ల అదనపు క్రాస్‌మెంబర్లు వేద్దామన్నది ఆయన మాట. కొత్తవి చేయించడం కంటే పాత బండ్లనుంచి విప్పినవి తేవడం మేలన్నారు. కారణం అడిగితే, ఫ్యాక్టరీలో అచ్చులో నొక్కి తీసిన మూలల గుండ్రదనం షెడ్డులో పలకను మడిచి తీసుకురాలేమని చెప్పారు. ఏడేళ్ల తరువాత ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజమేనని చెప్పగలను. నా అతుకు ప్రతిచోటా వెల్డింగ్ దగ్గరే మొరాయించింది గాని, ఆ పాత ముక్కల మూలల దగ్గర ఒక్క గీత కూడా పడలేదు.

ఆటోనగర్ తుక్కు వరసల్లో మేం రెండు రోజులు తిరిగాం. మొత్తం ఐదు క్రాస్‌మెంబర్లు చూసి, రెండింటిని తీసుకున్నాం. మొదటిది సర్వీసు జీపుగా తిరిగి తుక్కైన పొడవాటి మహీంద్రా జీపుది. టోపీని బోర్లించినట్టు ఉండే అడ్డుకోతతో, రెండు చివరలా ఛానల్ పై రెక్కనూ కింది రెక్కనూ పట్టుకునే వెడల్పాటి చెవులున్నది. రెండోది ఒక చిన్న లారీది. 76 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం, రెండు చివరలా ఛానల్ వీపుకు ఆనుకునే గుండ్రటి పలకలతో. రెండూ కలిపి 19 కిలోలు తూగాయి, కిలో 60 రూపాయల లెక్కన 1,140 రూపాయలు అయింది. వద్దనుకున్న మూడింటిలో ఒకదాన్ని గ్యాస్ కటింగ్‌తో విప్పారు. మంట తగిలిన చోట అంచు నీలంగా మాడి ఉంది. రివిట్ల తలలను గ్రైండర్‌తో చెరిపి, పంచితో కొట్టి విప్పినదైతేనే తీసుకోవాలని మేస్త్రీగారు నియమంగా పెట్టుకున్నారు. ఇంకొకటి చూపులకు నిక్షేపంగా ఉంది. మేస్త్రీగారు దానిని గుడ్డతో తుడిచి, కిరోసిన్ పూసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో మళ్లీ శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి కలిపిన స్పిరిటును పలచగా రాశారు. స్పిరిటు ఆరి తెల్లబడిన రెండు నిమిషాలకు, రివిట్ రంధ్రం అంచునుంచి బొటనవేలి గోరంత పొడవున ఒక తడి గీత నెమ్మదిగా పైకి తేలింది. పగుల్లోకి దిగిన కిరోసిన్ సుద్దలోకి పాకిందన్నమాట. ఇదే పనికి ఎర్ర రంగూ తెల్ల డెవలపరూ ఉన్న స్ప్రే డబ్బాలు దొరుకుతాయి, వాటితో మరింత సన్నని పగులు కూడా తెలుస్తుంది. కానీ తుక్కు కొట్టు ముందు నిలబడి కొనాలా వద్దా తేల్చుకోవడానికి కిరోసినూ సుద్దా చాలు.

క్రాస్‌మెంబర్ల ప్రస్తావన వచ్చింది కనుక ఒక చిన్న ముచ్చట. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ సంస్థలు ఒకే నమూనా జీపును కలిపి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. రంగు పోయి, భాగాలు మారి, ఏది ఎవరిదో తెలియని స్థితిలో ఉన్న బండిని గుర్తుపట్టడానికి జీపుల పిచ్చివాళ్లు మొదట చూసేది ముందు క్రాస్‌మెంబరునే: విల్లీస్‌ది గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌ది బోర్లించిన యూ ఆకారపు ఛానల్. ఒకే పనికి ఇద్దరు ఇంజినీర్లు రెండు ఆకారాలు ఎంచుకున్నారు, రెండూ యుద్ధాన్ని తట్టుకున్నాయి. నా బండిలో ఇప్పుడు ఆ రెండు జాతులూ ఒకే చాసిస్‌లో కాపురం చేస్తున్నాయి.

పనికి 11 రోజులు పట్టింది. బాడీని విప్పి పక్కన పెట్టాం. సీజే జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉంటుంది. ఇప్పుడు అందులో ఉన్నది డీజిలే అయినా, ట్యాంకును షెడ్డు బయటకు పంపి, బ్యాటరీ తీసేసిన తరువాతే వెల్డింగ్ యంత్రం స్విచ్చి వేశారు. చాసిస్‌ను ఇసుకతో బ్లాస్టింగ్ చేయించాక, 2016 నాటి పలకను గ్రైండర్‌తో పూర్తిగా ఒలిచేశారు. ప్రతి పగులు చివరా ఆరు మిల్లీమీటర్ల రంధ్రం వేశారు, పగులు ఇంకా ముందుకు పాకకుండా ఆ గుండ్రటి అంచు దగ్గర ఆగిపోవడానికి. పగులును వీ ఆకారంలో గాడిగా చెక్కి, ఓవెన్‌లో ఆరబెట్టిన తక్కువ హైడ్రోజన్ వెల్డింగ్ కడ్డీలతో నింపి, సమంగా రుద్దారు. దానిపైన ఈసారి వేసిన పలక వజ్రం ఆకారంలో ఉంది. కొసలు ఛానల్ పొడవునా సన్నగా సాగిపోతాయి కనుక బిగువు ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పెరిగి, కొద్దికొద్దిగా తగ్గుతుంది.

క్రాస్‌మెంబర్లను బిగించే ముందు కొలతలకే ఒక పూట పోయింది. నాలుగు కమాన్ బ్రాకెట్లనుంచి తాపీవాళ్ల తూకపు గుండును దారంతో వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, ఆ గుర్తుల మధ్య రెండు కర్ణాలూ కొలిచాం. తేడా 11 మిల్లీమీటర్లు. అంటే చాసిస్ నలుచదరంగా లేదు, ఒకవైపుకు జరిగిన మంచంలా ఉంది. అదే వంకరలో కొత్త మెట్లు వేస్తే ఆ వంకర శాశ్వతమైపోతుంది. గొలుసు, జాకీ పెట్టి లాగి, తేడాను రెండు మిల్లీమీటర్లకు తెచ్చాక గాని తరువాతి పని ముట్టలేదు. ఈ పని చేయించదలచినవారు మిగతా అన్నిట్లో రాజీపడినా, ఈ ఒక్క కొలత దగ్గర రాజీపడవద్దు.

గొట్టం క్రాస్‌మెంబరును వెనక కమాన్ల ముందు బ్రాకెట్ల వరసలో, ఛానల్ వీపుకు ఒక్కోవైపు నాలుగు బోల్టులతో బిగించారు. టోపీ ఆకారపుదానిని గేరుబాక్సు వెనక ఉన్న ఖాళీలో, వీపుకు ఒక్కోవైపు నాలుగు బోల్టులు వేసి, చెవులను ఛానల్ రెక్కల అంచు వెంబడి పొడవునా మాత్రమే, చిన్న చిన్న ముక్కలుగా వెల్డింగ్ చేశారు. రెక్కలకు ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు, వాటికి అడ్డంగా ఒక్క గీత కూడా వెల్డింగ్ చేయలేదు. చాసిస్ వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది ఆ రెక్కల మీదే. బోల్టులు 12 మిల్లీమీటర్లవి, 8.8 గ్రేడువి. రంధ్రాన్ని ముందు కొంచెం చిన్నగా వేసి, తరువాత రీమరుతో బోల్టు బిర్రుగా దిగేంతవరకు పెంచారు. ఎర్రగా కాల్చి కొట్టిన రివిటు ఉబ్బి రంధ్రాన్ని పూర్తిగా నింపేస్తుంది. ఆ సుఖం వదులు రంధ్రంలో వేసిన బోల్టుకు ఉండదు, అది రోజూ కొంచెం కొంచెం కదిలి రంధ్రాన్ని కోడిగుడ్డు చేస్తుంది. టార్కు రెంచితో 80 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించి, నట్టు మీదనుంచి వాషరు మీదకు పసుపు రంగుతో ఒక గీత గీశారు. 16 బోల్టులకు 16 గీతలు.

ఫలితాన్ని కొలవడానికి మేం చేసిన పరీక్షకు ఒక సిమెంటు బస్తా, మూడు స్టాండ్లు, ఒక స్కేలు సరిపోయాయి. ఒట్టి చాసిస్‌ను మూడు మూలల స్టాండ్లకు బిగించి, గాలిలో ఉన్న నాలుగో మూల మీద 50 కిలోల బస్తా పెట్టి, ఆ మూల ఎంత దిగిందో చూశాం. క్రాస్‌మెంబర్లు లేనప్పుడు 31 మిల్లీమీటర్లు దిగింది. గొట్టం ఒక్కటే బిగించినప్పుడు 24. టోపీ ఆకారపుది కూడా చేరాక 12. గొట్టం గట్టిదే గాని, అది ఛానల్ వీపును మాత్రమే పట్టుకుంది; ఛానల్ మెలి తిరిగేటప్పుడు పై రెక్క ఒక దిక్కుకు, కింది రెక్క వ్యతిరేక దిక్కుకు జారాలని చూస్తాయి, ఆ జారుడును వీపు దగ్గరి బోల్టులు ఆపలేవు. రెండు రెక్కలనూ పట్టుకున్న చెవులు ఆపాయి. ఇంతకంటే బరువైన గొట్టం వేసినా ఆ తేడా వచ్చేది కాదని నా నమ్మకం.

ఖర్చు వివరం: క్రాస్‌మెంబర్లు 1,140, కూలి 14,000, బ్లాస్టింగ్ 6,500, రంగు 3,200, బోల్టులు, పలకలు, చిల్లర సామాను 2,900, మొత్తం 27,740 రూపాయలు. ఇది 2018 నాటి లెక్క.

బయటికి వచ్చిన మొదటి నెలలోనే ఒక పొరపాటు బయటపడింది. ట్రైలరు నిండా గెలలు వేసుకుని తోటనుంచి కాలువగట్టు ఎక్కుతుండగా, కింద ఎవరో డప్పు మీద చీపురుతో రాసినట్టు శబ్దం వచ్చింది. దిగి చూస్తే, వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు మీద చుట్టూ వేలు వెడల్పున రంగు లేచిపోయి, ఇనుము వెండి కడియంలా మెరుస్తోంది. చాసిస్ ఖాళీగా ఉన్నప్పుడు షాఫ్టుకూ గొట్టానికీ మధ్య మూడు వేళ్ల సందు ఉందని మురిసిపోయాం గాని, కమాన్లు పూర్తిగా నలిగినప్పుడు షాఫ్టు ఎంత పైకి లేస్తుందో ఎవరం చూడలేదు. గొట్టాన్ని విప్పి, దాని చివరి పలకలకు కొత్త రంధ్రాలు వేసి, 20 మిల్లీమీటర్లు పైకి జరిపి బిగించాక సమస్య పోయింది. బోల్టులతో బిగించాం కనుక సగం రోజులో అయిపోయింది. వెల్డింగ్ చేసి ఉంటే కోయవలసి వచ్చేది. బాడీ ఎక్కించే ముందే, కమాన్ కట్టల ఆకులన్నీ విప్పి ఒక్క పై ఆకుతో ఇరుసును జాకీతో పైకి లేపి చూడడం ఈ మొత్తం వ్యవహారంలో నేను చేయవలసి ఉండీ చేయని పని.

ఇక వాడకం సంగతి. ఈ ఏడేళ్లలో బండి సుమారు 38,000 కిలోమీటర్లు తిరిగింది. అందులో ఎక్కువ భాగం ఏలూరుకూ తోటకూ మధ్య, ఒకసారి మారేడుమిల్లి ఘాటు మీదుగా. రేడియేటరుకు మళ్లీ టంకం అవసరం రాలేదు. నాకు ఈ ఒక్క ఫలితం చాలు. బానెట్ కొక్కెం రెండువైపులా ఒకేసారి పడుతుంది. ముందద్దం చట్రం కిర్రుమనడం పూర్తిగా పోలేదు గాని, వానాకాలంలో తప్ప వినిపించదు. తారురోడ్డు మీద 60 వేగంలో స్టీరింగు ఒక చేత్తో నిలబడుతుంది. ఇదివరకు 45 దాటితే రెండు చేతులూ చాలేవి కావు. అయితే స్టీరింగులోని ఈ మార్పు పూర్తిగా చాసిస్ చలవేనని చెప్పడం నిజాయితీ కాదు, బాడీ ఎలాగూ విప్పాం కదా అని కమాన్ కట్టలను చాసిస్‌కు తగిలించే షాకిల్ బుష్‌లన్నీ అప్పుడే మార్పించాను.

నష్టాలూ ఉన్నాయి. కాలువగట్టును ఏటవాలుగా దాటేటప్పుడు ఇదివరకు చాసిస్ కొంత మెలితిరిగి నాలుగు చక్రాలనూ నేలకు ఆనించేది. ఇప్పుడు వెనక చక్రం ఒకటి తొందరగా గాలిలోకి లేస్తోంది, ముందు ఇరుసు కూడా లాగేలా ఫోర్ వీల్ వేయక తప్పడం లేదు. షాకిల్ బుష్‌లు రెండేళ్లకే పోతున్నాయి, ఇదివరకు నాలుగేళ్లు వచ్చేవి. డీజిలు ఇంజను కుదుపు నిలబడి ఉన్నప్పుడు మునుపటికంటే ఎక్కువగా సీట్లోకి వచ్చింది. వదులుగా ఉన్న చాసిస్ ఆ కుదుపును కొంత మింగేదనుకుంటాను. ఇంజను మౌంటింగ్ రబ్బర్లు మార్చాక అది భరించదగ్గ స్థాయికి వచ్చింది.

2020 వానాకాలంలో గొట్టం విషయంలో ఇంకో పాఠం నేర్చుకున్నాను. కింద పడుకుని సుత్తి పిడితో తట్టి చూస్తుంటే, ఎప్పుడూ గంటలా మోగే గొట్టం తడిసిన కుండలా పలికింది. మధ్యలో కిందివైపు పది మిల్లీమీటర్ల రంధ్రం వేయగానే, దాదాపు గ్లాసెడు నల్లటి నీరు, వెనకే మెత్తటి తుప్పు బురద కారాయి. లారీ మీద ఉన్నప్పుడు దానికి నీరు పోయే రంధ్రం ఉండే ఉంటుంది. మేం చివరి పలకలను తిప్పి బిగించడంతో ఆ రంధ్రం పైకి వెళ్లి, నీరు పోయే దారి కాస్తా నీరు చేరే దారి అయిందని అప్పుడు తెలిసింది. లోపల ఆరాక మైనం స్ప్రే కొట్టించాను. అప్పటినుంచి ప్రతి వానాకాలం ముందూ తరువాతా ఆ రంధ్రంలోకి తీగ దోపి చూస్తున్నాను.

2021 చివరలో, నేను భయపడుతున్నది చిన్న మోతాదులో జరిగింది. ఎడమ ఛానల్‌లో, ఇంజను మౌంటింగ్ బ్రాకెట్‌కు కొంచెం ముందు, కింది రెక్క లోపలి అంచున రంగు మీద ఇటుకపొడి రాసినట్టు ఒక గీత కనిపించింది. గీకి చూస్తే 14 మిల్లీమీటర్ల పగులు. బండి మధ్యభాగం బిగుసుకుంది కనుక, మెలి అంతా ఆ బిగువు ముగిసే చోటుకు తరలింది. చివర రంధ్రం వేసి, నింపి, వజ్రం పలక వేయించాను. తరువాత అక్కడ ఏమీ రాలేదు. అయినా క్రాస్‌మెంబర్లు వేయిస్తే పగుళ్లు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. పగులు ఎక్కడ రావచ్చో ఆ చోటు మారుతుంది, రావడానికి పట్టే కాలం పెరుగుతుంది. నా విషయంలో ఎనిమిది నెలలు కాస్తా మూడున్నరేళ్లకు పైగా అయింది, పగులు కూడా మూడో వంతుకు చిక్కిపోయింది.

బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలని ఆలోచన ఉన్నవారు ఈ పనికి దిగేముందు ఒక సంగతి చూసుకోవాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటినుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు నంబరులో 'వీఏ' అక్షరాలుండే ప్రత్యేక వరస ఇస్తారు; కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. కానీ చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు చేసిన బండి ఆ నిర్వచనం కిందకు రాదు, వచ్చినవాటిని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. మా బండి డీజిలుకు మారినప్పుడే ఆ దారి మూసుకుపోయింది, కనుక నేను కోల్పోయింది లేదు. అసలు పెట్రోలు ఇంజనుతో, అసలు చాసిస్‌తో మిగిలిన సీజే-3బీ ఎవరి దగ్గరైనా ఉంటే, వారికి నా సలహా వేరు: పగుళ్లు పూడ్చి, అరిగిన రివిట్లకు రివిట్లే వేయించి, ట్రైలరు కొక్కెం తీసేసి ఆపండి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా నిర్మాణపరమైన మార్పుల విషయంలో దానిని గట్టిగా చెప్పింది. చక్రాల మధ్య దూరం, సీట్లు, కొలతలు, బరువు లెక్క మారకుండా బలం చేర్చడం వేరు, చాసిస్‌ను కోసి పొడిగించడం వేరు అని నేను అనుకుంటున్నాను గాని, ఎవరి బండి విషయంలో వారు రవాణా కార్యాలయంలో ముందుగా అడిగి తేల్చుకోవడమే క్షేమం. 2023లో అయిదేళ్ల పునర్నమోదు తనిఖీకి వెళ్లినప్పుడు బ్రేకులు, దీపాలు, చాసిస్ నంబరు చూశారు. ఆ నంబరున్న చోట బ్లాస్టింగ్ ఇసుక తగలకుండా మేస్త్రీగారు ముందే మందపాటి రబ్బరు ముక్క కట్టించారు, అందుకే అది చదవడానికి వీలుగా మిగిలింది. ఫీజు మాత్రం మండింది: 2022 ఏప్రిల్‌కు ముందు 600 ఉన్నది, అప్పటికి 5,000 అయింది. తుక్కు భాగాలకు కూడా రసీదు తీసుకోవడం మంచిది. నాది కార్బన్ కాగితం మీద రాసిన చిన్న చీటీ, అయినా ఆర్సీతోపాటే దాచాను.

మళ్లీ చేయిస్తే ఏం మారుస్తానని మొన్న ఒక మిత్రుడు అడిగారు. టోపీ ఆకారపు క్రాస్‌మెంబరును కళ్లు మూసుకుని మళ్లీ వేయిస్తాను. గొట్టం మీద మాత్రం అంత ప్రేమ లేదు. అది ఇచ్చిన బిగువుకంటే షాఫ్టు రాపిడి, లోపలి నీరు అని అది తెచ్చిన తలనొప్పులే ఎక్కువ. దాని స్థానంలో అదే పొడవాటి జీపునుంచి విప్పిన మరో టోపీ ఆకారపుది దొరికితే వేసుకునేవాణ్ణి. రోజూ బరువు లాగే బండి, తరచూ ఒకేచోట పగిలే చాసిస్, కర్ణాలు కొలిచే ఓపికున్న మేస్త్రీ, ఈ మూడూ కలిసినప్పుడు ఈ పని పెట్టిన ప్రతి రూపాయికీ తగినది. నెలకోసారి పెళ్లిళ్ల ఊరేగింపుకు మాత్రమే బయటికి తీసే బండికి ఇది అనవసరం.

ఈ ఏడాది వానలకు ముందు బండి కింద పడుకుని టార్చిలైటుతో పసుపు గీతలన్నీ ఒకటొకటిగా చూశాను. పదిహేను గీతలు గీసిన రోజున ఉన్నట్టే నట్టునుంచి వాషరు మీదకు తిన్నగా ఉన్నాయి. కుడివైపు గొట్టం పలక మీద, వెనక కింది బోల్టు గీత ఒక్కటే బియ్యపుగింజ మందాన పక్కకు జరిగింది. దానిని విప్పి, కొత్త నట్టు వేసి, 80 దగ్గర బిగించి, కొత్త గీత గీశాను. ఇంట్లో పసుపు రంగు అయిపోయింది కాబట్టి ఈసారిది తెల్లది.